వేపపూత రాలే కాలం

మా షెడ్డు ముందు ఒక వేపచెట్టు ఉంది. ఉగాది దగ్గరపడే కొద్దీ దాని పూత రాలడం మొదలవుతుంది. పొద్దున వచ్చి చూస్తే నా జీపు బానెట్ మీద, ముందు అద్దం కింది జాలీలో, గుడ్డ టాపు మడతల్లో తెల్లగా పేరుకొని ఉంటుంది. గద్వాల జిల్లా అయిజలో ముప్పై ఏళ్లుగా బండ్లు బాగుచేస్తున్నాను. అన్నేళ్లూ ఆ పూతను చీపురుతో ఊడ్చేసి పనిలో పడ్డానే తప్ప, జాలీలోంచి లోపలికి జారింది ఏమవుతున్నదో చూడలేదు. ఒక వానాకాలం డ్రైవర్ కాళ్ల కింది రేకును స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే అప్పడంలా విరిగింది. అప్పుడు చూశాను.

అదే పాఠం రెండోసారి డల్లాస్‌లో కళ్లబడింది. మా బిడ్డ, అల్లుడు అక్కడ ఫ్రిస్కోలో ఉంటారు. ఒక మార్చి నెలలో వాళ్ల దగ్గరికి పోయాను. అల్లుడు అంతకు ముందు ఏడాదే ఒక పాత బండి కొన్నాడు. ఇరవై ఏళ్ల కిందటి జర్మన్ బండి, రెండే సీట్లు, మీట నొక్కితే పైకప్పు మడుచుకొని వెనక్కి పోతుంది. చిన్నప్పుడు సినిమాల్లో చూసి మనసు పడ్డదట. కొత్తగా ఉన్నప్పుడు దాని ధర 40,000 డాలర్ల పైమాట. ఇతనికి 11,000 డాలర్లకు వచ్చింది. నేను పోయిన నాలుగో రోజు పొద్దున్నే తలుపు తట్టాడు.

"మామా, కారు సెల్ఫ్ కొడతలేదు. లాకులు వాటంతట అవే పడుతున్నయి, తెరుచుకుంటున్నయి."

"రాత్రి వాన పడ్డది కదా. కార్పెట్ మీద చెయ్యి పెట్టి చూసినవా?"

చూడలేదు. ఇద్దరం పోయి డ్రైవర్ సీటు వెనక కార్పెట్‌ను పిడికిలితో నొక్కాం. వేళ్ల మధ్య నుంచి నీళ్లు ఊరాయి. దాని కింద స్పాంజి మందంగా ఉంటుంది. అది బిందెడు నీళ్లు తాగి కూర్చుంది. సీటు కింద ఒక నల్లని డబ్బా. తాళాన్ని గుర్తుపట్టేదీ, ఇంజన్ స్టార్ట్ కావడానికి అనుమతి ఇచ్చేదీ ఆ డబ్బానే. అది సగం మునిగి ఉంది.

అంతకు ముందే అల్లుడు ఒక షెడ్డుకు ఫోన్ చేశాడు. గంటకు 150 డాలర్ల కూలి, కొత్త డబ్బా, దానికి తాళాలు కలపడం, అంతా కలిపి 1,500 డాలర్లన్నారు. "ముందు నీళ్లు ఎట్ల వచ్చినయో చూద్దాం" అన్నాను. టాపును సగం వరకు లేపి ఆపించాను. మడత పడే చోట, రెండు పక్కలా ఒక్కో రంధ్రం ఉంటుంది. చూపుడు వేలు పట్టేంత. వాన నీళ్లు టాపు మీద నుంచి జారి ఆ రంధ్రంలో పడి, గొట్టం గుండా వెనక చక్రం ముందు నేల మీదికి పోవాలి. ఎడమ పక్క రంధ్రం కనిపించలేదు. దాని మీద నల్లటి ముద్ద, నానబెట్టిన చింతపండు గుజ్జులా. వేలితో తీసి అరచేతిలో వేసుకొని విడదీస్తే సన్నని పూత, ఆకు ముక్కలు. తలెత్తి చూశాను. ఇంటి ముందు ఓక్ చెట్టు. అక్కడ కూడా పూత రాలే కాలం అదే.

గడ్డి కోసే యంత్రానికి వేసే నైలాన్ తీగ గ్యారేజీలో ఉంటే మూరెడు తెంపి, రంధ్రంలోకి నెమ్మదిగా తోశాను. ఒక చోట ఆగింది. తిప్పుతూ తోస్తే గుడగుడమని చప్పుడై, చక్రం పక్కన నల్లని నీళ్లు కారాయి. అల్లుడు మోకాళ్ల మీద కూర్చొని ఆ నీళ్లనే చూస్తూ ఉండిపోయాడు. కార్పెట్ తీసి ఎండేశాం. డబ్బాను విప్పి, కాంటాక్టులు స్పిరిట్‌తో తుడిచి రెండు రోజులు ఆరబెట్టాం. మూడో రోజు బండి స్టార్ట్ అయింది. తడిసిన డబ్బాలన్నీ అట్లా బతకవు, మాది బతికింది.

టాపు తెరుచుకునే బండి మీద మోజు మన దగ్గరా పెరిగింది. పాత గుడ్డ టాపు జీపు కావాలని వనపర్తి, నాగర్‌కర్నూల్ పిల్లలు కూడా నన్ను అడుగుతున్నారు. హైదరాబాద్‌లో పదిహేనేళ్ల విదేశీ కన్వర్టిబుల్ కొత్త జీపు ధరకే దొరుకుతున్నదని ఫోన్లో బొమ్మలు చూపిస్తున్నారు. ఆ మోజును నేను తప్పు పట్టను. పత్తి చేల మధ్య నల్లరేగడి దారిలో, తెల్లవారుజామున, తల మీద ఆకాశంతో బండి నడిపినవాడిని. ఆ సుఖం ఎంత ఖర్చు అడుగుతుందో, ఆ ఖర్చులో ఎంత భాగం మన నిర్లక్ష్యం వల్ల వచ్చేదో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ధర తగ్గుతుంది, సామాను ధర తగ్గదు

ఈ జాతి బండ్లలో అందరికీ తెలిసిన పేరు పోర్షే బాక్స్‌టర్. బాక్సర్ ఇంజన్, రోడ్‌స్టర్ అనే రెండు మాటలు కలిపి పెట్టిన పేరు అది. 1996లో మార్కెట్లోకి వచ్చింది. ఇంజన్ సీట్ల వెనక, వెనక చక్రాలకు ముందు ఉంటుంది. ఆరు సిలిండర్లు, మూడు ఒక పక్క, మూడు మరో పక్క పడుకొని పనిచేస్తాయి. మొదటి బండికి 2.5 లీటర్ల ఇంజన్, 204 హార్స్ పవర్. మా దగ్గర తిరిగే థార్ జీపుతో పోల్చండి. 2010లో వచ్చిన థార్ డీజిల్ ఇంజన్ కూడా 2.5 లీటర్లదే, పవర్ 105. అంటే అంతే ఇంజన్‌లోంచి రెండింతల బలం పిండారు. అంత బలం కావాలంటే వేడి పెరుగుతుంది, చక్రాలు వేగంగా తిరుగుతాయి, బ్రేకులు గట్టిగా పట్టాలి, టైర్లు వెడల్పుగా ఉండాలి. ప్రతి సామానూ ఖరీదైనదే పడుతుంది.

ఇక్కడే పాత బండి కొనేవాళ్లు మోసపోతారు. ఎవరూ మోసం చేయనక్కర్లేదు, లెక్కే మోసం చేస్తుంది. 40,000 డాలర్ల బండి ఇరవై ఏళ్లకు 11,000 అవుతుంది. దాని బ్రేకు డిస్కులు, షాకబ్జార్లు, రేడియేటర్లు మాత్రం 40,000 డాలర్ల బండికి వేసే సామానుగానే ఉంటాయి. కూలి కూడా ఆ లెక్కనే. మా అల్లుడు తన నెల జీతంతో పోల్చి బండి కొనే ధర చూసుకున్నాడు. చూడాల్సింది దాని పుట్టినప్పటి ధర. మన దగ్గర అయితే పైన ఇంకో బరువు ఉంది. విదేశీ బండి సామాను హైదరాబాద్‌లో దొరక్కపోతే బయటి నుంచి తెప్పించాలి, సుంకం కట్టాలి, వచ్చేదాకా బండి మూల పడి ఉండాలి. మూల పడ్డ బండికి బ్యాటరీ దిగుతుంది, టైరు ఒకే చోట నొక్కుకుంటుంది, ఎలుకలు వైరింగు కొరుకుతాయి. కాబట్టి ఎవరైనా నన్ను అడిగితే ఒకే మాట చెబుతాను: కొన్న ధరలో నాలుగో వంతు డబ్బు విడిగా చేతిలో ఉంటేనే కొను. మొదటి ఏడాది అది ఖర్చవుతుంది. పాత యజమాని వాయిదా వేసిన పనులన్నీ నీ వాటాకు వస్తాయి.

మూత లేని పెట్టె

చెప్పుల అట్టపెట్టె ఒకటి తీసుకొని, మూత పెట్టి రెండు చేతులతో మెలిపెట్టి చూడండి. గట్టిగా ఉంటుంది. మూత తీసి మెలిపెట్టండి, వంకర పోతుంది. మామూలు కారుకు పైకప్పు రేకు అలంకారం కాదు, అది పెట్టెకు మూత. కన్వర్టిబుల్ తయారుచేసేవాళ్లు ఆ మూత తీసేసి, పోయిన బలాన్ని నేలలో, తలుపుల కింది దూలాల్లో అదనపు ఇనుము వేసి పూడుస్తారు. అందుకే ఈ బండ్లు చూడ్డానికి చిన్నవైనా బరువెక్కువ. అందుకే నేల తుప్పుపడితే మామూలు కారు కంటే దీనికి ప్రమాదం ఎక్కువ. పాత కన్వర్టిబుల్ గుంతలో పడ్డప్పుడు ముందు అద్దం ఫ్రేము వణికినా, జాకీ ఎత్తినప్పుడు తలుపు బిగుసుకున్నా నేల కింద చూడకుండా ముందుకు పోవద్దు. జీపుకు కింద వేరే ఛాసిస్ ఉంటుంది కాబట్టి కొంత నయం. నా జీపు రేకు విరిగినా ఛాసిస్ నిలబడింది.

ఇక టాపు. గుడ్డ టాపుకు ఎండ మొదటి శత్రువు. వేసవిలో కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న మా నడిగడ్డ ఎండకు గుడ్డ కంటే ముందు దారం చస్తుంది. గుడ్డ బాగానే కనిపిస్తుంది, కుట్టు దగ్గర వేలు పెట్టి లాగితే పర్రుమని విడిపోతుంది. నా జీపుకు మొదటిసారి అట్లే అయింది. కర్నూలులో సీట్లు కుట్టేవాళ్ల దగ్గర పాత గుడ్డకే కొత్త దారంతో మళ్లీ కుట్టిస్తే రూ.3,000తో పోయేది. రెండేళ్లు ఆలస్యం చేశాను. చిరుగు పెరిగి మొత్తం హుడ్ మార్చాల్సి వచ్చింది, రూ.18,000.

వెనక కిటికీకి ప్లాస్టిక్ ఉంటే అది పసుపెక్కి, మడత పడ్డ చోట చిట్లుతుంది. బాక్స్‌టర్‌కు కూడా మొదట ప్లాస్టిక్ కిటికీయే ఉండేది, 2003 మోడల్ నుంచి అద్దం పెట్టారు. ప్లాస్టిక్ ఉన్న బండి టాపును చలిలో మడవకూడదు. కాసేపు ఎండలో నిలిపి, మడత దగ్గర మెత్తని బట్ట పెట్టి మడవాలి. తడిగా ఉన్నప్పుడు అసలే మడవకూడదు. తడి గుడ్డను మూటకట్టి పెట్టెలో పెడితే ఏమవుతుందో ఇంట్లో ఆడవాళ్లకు తెలుసు, నల్ల మచ్చలు పడి ముక్కిన వాసన వస్తుంది. టాపు అయినా అంతే.

మీటతో తెరుచుకునే టాపులు రెండు రకాలు. కొన్నింటికి కరెంటు మోటారు, కేబుళ్లు, ప్లాస్టిక్ తలలున్న కడ్డీలు ఉంటాయి. కొన్నింటికి హైడ్రాలిక్ సిలిండర్లు. 1989 నుంచి 2001 దాకా వచ్చిన మెర్సిడెస్ ఎస్ఎల్‌లో టాపును మడిచేది హైడ్రాలిక్ సిలిండర్లే. ట్రాక్టర్ ట్రాలీ లేపే జాకీ తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. సిలిండర్‌లో రబ్బరు సీలు గట్టిపడితే ఆయిల్ కారుతుంది. ట్రాలీ జాకీ కారితే నేల మీద పడుతుంది. ఈ బండిలో ఒక సిలిండర్ ముందు అద్దం పైన, నెత్తి దగ్గరే ఉంటుంది. అది కారితే నడిపేవాడి ఒళ్లో పడుతుంది. ఇక్కడ తెలుసుకోవాల్సిందేమంటే, సిలిండర్ మొత్తం పాడు కాదు, పాడయ్యేది సీలు. విప్పి సీళ్లు మార్చే చేయి దొరికితే ఖర్చు కొత్త సిలిండర్ ధరలో చిన్న భాగమే. మన ఊళ్లలో ట్రాక్టర్ హైడ్రాలిక్ పనివాళ్లకు ఆ చేయి ఉంది.

గేర్‌బాక్స్ దింపిన రోజు

బాక్స్‌టర్ గురించి మాట్లాడే ప్రతివాడూ ఒక బేరింగు గురించి మాట్లాడతాడు. ఇంజన్ లోపల క్రాంకు తిప్పే బలాన్ని క్యాంషాఫ్టుల దాకా తీసుకుపోయే నడిమి షాఫ్టు ఒకటి ఉంది. దాని ఒక చివర మూసి ఉన్న బాల్ బేరింగు. ఏళ్లు గడిచాక లోపలి గ్రీజు పోతుంది, బంతులు అరుగుతాయి. అది విరిగితే టైమింగ్ తప్పి వాల్వులు పోయి పిస్టన్లకు కొట్టుకుంటాయి, ఇంజన్ పోయినట్టే. అమెరికాలో దీని మీద బండి యజమానులు కోర్టుకు పోతే, 2001 మే నుంచి 2005 ఫిబ్రవరి మధ్య తయారైన బండ్లకు సంబంధించి 2013లో రాజీ కుదిరింది. అన్ని బండ్లకూ ఇది జరగదు, చాలా బండ్లు ఆ బేరింగుతోనే తిరుగుతున్నాయి. అయినా జరిగితే పోయేది ఇంజనే కాబట్టి జనం ముందుగా మార్చేస్తారు.

ఎప్పుడు మార్చాలన్నదే అసలు విషయం. ఆ బేరింగు చేరాలంటే గేర్‌బాక్స్, క్లచ్, ఫ్లైవీల్ దింపాలి. బేరింగు కోసమే దింపితే కూలి మొత్తం దాని మీదే పడుతుంది. క్లచ్ మార్చే రోజు మారిస్తే కూలి ఒకటే, పనులు రెండు. మా అల్లుడికి నేను రాసి ఇచ్చిన కాగితంలో మొదటి వరస ఇదే: గేర్‌బాక్స్ దింపిన రోజు క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు, క్రాంకు వెనక ఆయిల్ సీలు అన్నీ ఒకేసారి.

ఇది నేను అమెరికాలో నేర్చుకున్నది కాదు. మా షెడ్డులో చూస్తూనే ఉన్నాను. విత్తనం కోసం పత్తి పువ్వులకు చేత్తో పుప్పొడి అద్దే సీడ్ పత్తి క్రాసింగు రోజుల్లో తెల్లవారకముందే కూలీలను చేలకు చేర్చే జీపులు వస్తాయి. బండి ఒక్క రోజు ఆగితే యజమానికి ఆ రోజు క్రాసింగు పోతుంది, పూసిన పువ్వు మరునాటికి ఆగదు. అందుకని "ప్లేటు ఒక్కటే వెయ్యి అన్నా, తక్కింది పంట అమ్మినంక చూద్దాం" అంటారు. నెల తిరగకుండా రిలీజ్ బేరింగు అరుస్తూ అదే బండి మళ్లీ వస్తుంది. మళ్లీ గేర్‌బాక్స్ దింపుడు, మళ్లీ కూలి, మళ్లీ ఒక రోజు. బేరింగు ధర కంటే ఆ రోజు ధర ఎక్కువ.

కిలోమీటర్లు కాదు, ఏళ్లు లెక్కపెట్టాలి

"తిరిగింది 40,000 కిలోమీటర్లే" అని అమ్మేవాళ్లు చెబుతారు. పాత బండికి అది సగం నిజమే. రబ్బరు తిరగడం వల్ల కంటే ఏళ్ల వల్ల ఎక్కువ చెడుతుంది. కూలెంట్ గొట్టాలు, సస్పెన్షన్ బుష్షులు, తలుపుల చుట్టూ ఉండే బీడింగు, ఆయిల్ సీళ్లు, ఇంజన్ బెల్టు, నిలిపి ఉన్నా ఎండి పగులుతాయి. కూలెంట్ పోసే ప్లాస్టిక్ ట్యాంకు వేడికి పెళుసవుతుంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, రెండేళ్లకోసారి మార్చకపోతే లోపల తుప్పు మొదలవుతుంది, గట్టిగా బ్రేకులు వేసినప్పుడు పెడల్ మెత్తబడుతుంది.

టైరు వయసు తెలుసుకోవడం చాలా తేలిక. టైరు పక్క గోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. గాడులు ఎంత లోతుగా ఉన్నా ఆరేళ్లు దాటిన టైరుతో 200 హార్స్ పవర్ బండిని వేగంగా నడపొద్దు. అల్లుడి బండి టైర్లు చూడ్డానికి కొత్తవే, అంకెలు చూస్తే పదకొండేళ్లవి. ముందు చక్రాలకు ఒక సైజు, వెనక చక్రాలకు ఇంకో సైజు కాబట్టి వెనకవి ముందుకు మార్చి అరుగుదల సరిచేసే దారి కూడా లేదు. నాలుగూ కొన్నాడు.

రేడియేటర్ల సంగతి కూడా మా వేపచెట్టు సంగతే. ఇంజన్ మధ్యలో ఉన్న ఈ బండ్లకు రేడియేటర్లు ముందు బంపరు మూలల్లో ఉంటాయి. ఆకులు, చెత్త అక్కడ చేరి తడిసి రేడియేటర్‌ను తింటాయి. ఏడాదికోసారి బంపరు తీసి ఊడ్చడానికి గంటన్నర పడుతుంది, సామాను ఏమీ కొనక్కర్లేదు.

కాగితాల ఖర్చు

మన దేశంలో సొంత బండి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత బండిని తనిఖీకి తీసుకుపోయి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. కారుకు ఈ ఫీజు ఒకప్పుడు రూ.600 ఉండేది, 2022 ఏప్రిల్ నుంచి రూ.5,000 అయింది. 2025లో ఇరవై ఏళ్లు దాటిన కార్లకు రూ.10,000 చేశారు. గ్రీన్ ట్యాక్స్ దీనికి అదనం. నా జీపు 2011ది, ఏపీ 22 నంబరు. అప్పుడు మాది మహబూబ్‌నగర్ జిల్లా. 2016లో జోగులాంబ గద్వాల జిల్లా అయ్యాక కొత్త బండ్లకు టీఎస్ 33 వచ్చింది, 2024 నుంచి టీజీ రాస్తున్నారు. పాత బండి కొనేటప్పుడు రిజిస్ట్రేషన్ గడువు ఎన్నడు తీరుతుందో ముందు చూడండి. అది దగ్గరపడ్డాకే చాలామంది అమ్మకానికి పెడతారు. తనిఖీలో నిలబడాలంటే లైట్లు, బ్రేకులు, పొగ అన్నీ సరిచేయాలి, ఆ ఖర్చు కొన్నవాడిది.

కొనే ముందు ఒక గంట

నా దగ్గరికి వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఇది. వాన పడ్డ మరునాడు పోయి బండి చూడు. తలుపు తెరవగానే వాసన పీల్చు. సెంటు ఎక్కువ కొట్టి ఉంటే అనుమానించు. సీట్ల వెనక, పెడళ్ల కింద కార్పెట్‌ను పిడికిలితో నొక్కు. టాపును మూడుసార్లు తెరిచి మూయించు, ఒకసారి చాలదు, పాత మోటారు మూడోసారికి అలసిపోతుంది. మూసిన టాపు మీద మగ్గుతో నీళ్లు పోసి అవి బండి కింద ఎక్కడ కారుతున్నాయో వంగి చూడు. కారకపోతే లోపలికి పోతున్నట్టే. టైరు అంకెలు చదువు. జాకీ ఎత్తి నేల చూడు. క్లచ్ ఎప్పుడు మార్చారో బిల్లు అడుగు. బిల్లులు దాచుకున్న మనిషి దగ్గర రెండు రూపాయలు ఎక్కువైనా కొను. మెరిసే రంగు చూసి మాత్రం కొనకు. రంగు వారంలో వేయించవచ్చు.

మాది రెండు నదుల నడుమ నేల. రాజోలిబండ మళ్లింపు పథకం (ఆర్డీఎస్) కాలువ కింద 87,500 ఎకరాల ఆయకట్టు అని కాగితాల మీద ఉంది. పూడిక తీయకపోతే చివరి చేలకు నీళ్లు రావని మా రైతులకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఏటా పార పట్టుకొని తామే కాలువలో దిగిన ఊళ్లున్నాయి. నీళ్లకు దారి మూసుకుపోతే కావాల్సిన చోటికి రావు, వద్దన్న చోట నిలుస్తాయి. ఈ తెలివి పొలంలో అందరికీ ఉంది. దాన్ని బండి దగ్గరికి తెచ్చుకోవడానికి నాకు ఒక విరిగిన రేకు కావాల్సి వచ్చింది, అల్లుడికి ఒక తడిసిన డబ్బా.

ఇప్పుడు జాలీ విప్పి, లోపలి పూతంతా చేత్తో తీసి, నేల రేకుకున్న రబ్బరు బిరడాలు ఊడదీసి కడిగి పెట్టాకే ఉగాది పచ్చడి తింటున్నాను. పావుగంట పని. అదే వారం అల్లుడు ఓక్ చెట్టు కింద నైలాన్ తీగతో రెండు రంధ్రాలూ పొడిచి ఫోన్ చేస్తాడు. "రెండు దిక్కులా కారినయి మామా" అంటాడు.

వానాకాలం రాత్రి గట్టి వాన పడితే నాకు మెలకువ వస్తుంది. పడుకునే చెవి పెడతాను. వాకిట్లో జీపు కింద నీళ్లు ధారగా బండ మీద పడుతున్న చప్పుడు వినిపిస్తుంది. వినిపించిందంటే మళ్లీ నిద్రపోతాను. వినిపించకపోతే టార్చిలైటు తీసుకొని లేస్తాను.